తుపాకీ పేలని పోరులో మహావీరుడు.. గల్వాన్‌లో కర్నల్‌ సంతోష్‌బాబు

ధరూర్‌: 2020 జూన్‌ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్‌ లోయలో ఒక్క తుపాకీ గుండు కూడా పేలలేదు. అయినా ఆ ఘర్షణలో భారత సైన్యం 20 మందిని కోల్పోయింది. వారందరికీ ముందు నిలిచి, గాయపడినా వెనుదిరగక నేలకొరిగిన అధికారి తెలంగాణ బిడ్డ. సూర్యాపేటకు చెందిన కర్నల్‌ బిక్కుమళ్ల సంతోష్‌బాబు. పదాతిదళంలోని 16వ బిహార్‌ బెటాలియన్‌కు ఆయన కమాండింగ్‌ అధికారి. అప్పటికి ఆయన వయసు 37 ఏళ్లు. మరణానంతరం ఆయనకు ప్రభుత్వం మహావీర్‌ చక్ర ప్రకటించింది. శత్రువుకు ఎదురొడ్డి పోరాడినవారికి మాత్రమే ఇచ్చే పతకాల్లో అది రెండోది. యుద్ధం ప్రకటించలేదు, తుపాకీ పేల్చలేదు. అటువంటప్పుడు యుద్ధ పతకం ఎలా వచ్చిందని కొందరు, అంతటి త్యాగానికి అత్యున్నత పతకమే ఇవ్వవలసిందని మరికొందరు ప్రశ్నించారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఆ రాత్రి జరిగిన పోరు స్వరూపంలోనే ఉంది.

సూర్యాపేట నుంచి కోరుకొండకు..

సంతోష్‌బాబు 1983 ఫిబ్రవరి 13న సూర్యాపేటలో జన్మించారు. తండ్రి బ్యాంకు ఉద్యోగి. సైన్యంలో చేరాలన్న తన కోరిక నెరవేరకపోవడంతో కుమారుడినైనా సైనికుడిగా చూడాలని ఆయన ఆశించారు. ఆ ఆశతోనే 1993లో పదేళ్ల బాలుణ్ని విజయనగరం జిల్లాలోని కోరుకొండ సైనిక్‌ పాఠశాలలో ఆరో తరగతిలో చేర్పించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1962లో ప్రారంభమైన ఆ పాఠశాల విజయనగరం రాజవంశీయులు ఇచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో ఏర్పడింది. తెల్లవారుజామున వ్యాయామంతో మొదలై రాత్రి చదువుతో ముగిసే వసతి పాఠశాల అది. ఇంటికి వందల కిలోమీటర్ల దూరంలో ఏడేళ్లు గడిపి సంతోష్‌బాబు అక్కడే ఇంటర్‌ పూర్తి చేశారు.

2000లో పుణె సమీపంలోని ఖడక్‌వాస్లాలో జాతీయ రక్షణ అకాడమీలో చేరారు. మూడేళ్ల శిక్షణ అనంతరం దేహ్రాదూన్‌లోని భారత సైనిక అకాడమీలో మరో ఏడాది శిక్షణ పొందారు. 2004 డిసెంబరు 10న 16వ బిహార్‌ బెటాలియన్‌లో అధికారిగా నియమితులయ్యారు. మొదటి నియామకం జమ్మూకశ్మీర్‌లో. ఐక్యరాజ్య సమితి శాంతి పరిరక్షక దళంలో భాగంగా ఆఫ్రికాలోని కాంగోలోనూ పనిచేశారు. తమిళనాడులోని వెల్లింగ్టన్‌ రక్షణ సేవల సిబ్బంది కళాశాలలో ఉన్నత శిక్షణ పూర్తి చేశారు. యువ అధికారిగా ఏ బెటాలియన్‌లో అడుగుపెట్టారో, పదిహేనేళ్ల తరువాత, 2019 డిసెంబరులో, అదే బెటాలియన్‌కు అధిపతి అయ్యారు. సైన్యంలో ఇది అందరికీ దక్కే అదృష్టం కాదు. తన కింద ఉన్న సుబేదార్లు, హవల్దార్లలో చాలామందిని ఆయన యువ లెఫ్టినెంటుగా ఉన్ననాటి నుంచీ ఎరుగుదురు. బెటాలియన్‌ అంటే సుమారు ఎనిమిది వందల మంది. వారి తిండి, బట్ట, సెలవులు, శిక్షణ, ప్రాణాలు అన్నింటికీ బాధ్యుడు కమాండింగ్‌ అధికారే.

బిహార్‌ రెజిమెంటు 1941లో ఏర్పడింది. దాని శిక్షణ కేంద్రం పట్నా పక్కనున్న దానాపూర్‌లో ఉంది. బిహార్‌, ఝార్ఖండ్‌, ఒడిశా తదితర ప్రాంతాల జవాన్లు అందులో ఎక్కువ. ‘బిర్సా ముండా కీ జై’ అన్నది వారి యుద్ధ నినాదాల్లో ఒకటి. తెలుగు గడ్డపై పుట్టిన అధికారి ఆ జవాన్లతో వారి భాషలో మాట్లాడి, వారి పండుగలు జరుపుకొని, చివరకు వారితో కలిసి ప్రాణమిచ్చారు.

జూరాల ఎత్తు.. గల్వాన్‌ ఎత్తు

మన ధరూర్‌ మండలం రేవులపల్లి వద్ద ఉన్న జూరాల జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టం సముద్ర మట్టానికి 1,045 అడుగులు. గల్వాన్‌ లోయ సుమారు 14 వేల అడుగుల ఎత్తున ఉంది. అక్కడ గాలిలో ప్రాణవాయువు పలచన. నాలుగు అడుగులు వేగంగా వేస్తే ఆయాసం వస్తుంది. కొత్తగా వెళ్లినవారు కొన్ని రోజులు ఆ గాలికి అలవాటు పడనిదే విధుల్లో దిగరాదు. మనకు రోహిణి ఎండలు ముగిసి తొలకరి పడే జూన్‌లో కూడా అక్కడ రాత్రివేళ ఉష్ణోగ్రత సున్నా కంటే దిగువకు జారుతుంది. మంచు కరిగిన నీటితో గల్వాన్‌ నది ఉరకలెత్తుతుంది. ఆ నీటిలో పడినవాడికి ఈత వచ్చినా ప్రయోజనం స్వల్పం. చలికి నిమిషాల్లో చేతులు కాళ్లు మొద్దుబారతాయి.

గులాం రసూల్‌ గల్వాన్‌ అనే లద్దాఖీ మార్గదర్శి పేరు మీదుగా ఆ నదికి ఆ పేరు వచ్చింది. అక్సాయ్‌చిన్‌ వైపు నుంచి పారుతూ వచ్చి అది శ్యోక్‌ నదిలో కలుస్తుంది. ఆ సంగమం పక్కగానే దర్బుక్‌ నుంచి శ్యోక్‌ మీదుగా దౌలత్‌ బేగ్‌ ఓల్డీకి 255 కిలోమీటర్ల రహదారి సాగుతుంది. 2019లో అది పూర్తయింది. ఉత్తరాన కారకోరం కనుమ వైపున్న మన సైనిక స్థావరానికి ఏడాది పొడవునా సరకులు చేరవేయడానికి ఆ దారే ఆధారం. గల్వాన్‌ లోయ ముఖద్వారం వద్ద ఎత్తులను ఎవరు పట్టుకుంటే వారికి ఆ రహదారి కనుచూపులో ఉంటుంది. రాళ్లు, మంచు తప్ప గడ్డిపోచ మొలవని చోటు కోసం ఇంత పోరు ఎందుకని ఊళ్లలో అడిగేవారు ఈ ఒక్క విషయం గమనిస్తే చాలు.

ఆ లోయకు పాత చరిత్ర కూడా ఉంది. 1962 జూలైలో అక్కడి భారత శిబిరంలోని గూర్ఖా జవాన్లను చైనా దళాలు చుట్టుముట్టాయి. అక్టోబరు మొదట్లో వారి స్థానంలో జాట్‌ జవాన్లను హెలికాప్టర్లలో దించారు. అక్టోబరు 20న యుద్ధం మొదలైన రోజునే ఆ శిబిరంపై దాడి జరిగింది. మనవారు చాలామంది అక్కడే మరణించారు.

చేతిలో ఆయుధం.. కాల్చరాదన్న కట్టుబాటు

భారత, చైనాల మధ్య గుర్తించిన సరిహద్దు గీత ఈ ప్రాంతంలో లేదు. ఉన్నది వాస్తవాధీన రేఖ. అది ఎక్కడ సాగుతుందన్న దానిపైనే రెండు దేశాలకు భిన్నాభిప్రాయం. ఈ పరిస్థితిలో చిన్న తగవు పెద్ద యుద్ధంగా మారకుండా 1993లో ఒకటి, 1996లో ఒకటి ఒప్పందాలు జరిగాయి. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు ఏ పక్షమూ కాల్పులు జరపరాదని, పేలుడు పదార్థాలు వాడరాదని 1996 ఒప్పందంలోని ఆరో అధికరణం చెబుతుంది. అందుకే రెండు దళాలు ఎదురుపడినప్పుడు బ్యానర్లు చూపి వెనక్కి వెళ్లమని కోరడం, మాట పెరిగితే తోపులాట, ఇదే దశాబ్దాలుగా సాగిన ఆనవాయితీ. 1975లో అరుణాచల్‌లోని తులుంగ్‌ లా వద్ద నలుగురు అస్సాం రైఫిల్స్‌ జవాన్లు మరణించిన తరువాత 45 ఏళ్లపాటు ఆ రేఖపై ఘర్షణల్లో ప్రాణనష్టం లేదు.

గల్వాన్‌ వార్త వచ్చిన తొలి రోజుల్లో మన జవాన్లను ఆయుధాలు లేకుండా పంపారన్న విమర్శ వినిపించింది. విదేశాంగ మంత్రి జైశంకర్‌ జూన్‌ 18న దీనికి సమాధానమిచ్చారు. సరిహద్దు విధుల్లో ఉన్నవారు ఎల్లప్పుడూ ఆయుధాలు ధరించే ఉంటారని, ఆ రోజు కూడా ఉన్నారని, ముఖాముఖి ఎదురైనప్పుడు వాటిని వాడకపోవడం ఒప్పందాల ప్రకారం పాటించే సంప్రదాయమని వివరించారు. అంటే ఆ జవాన్ల వద్ద కాల్చే సాధనం ఉంది. కాల్చరాదన్న కట్టుబాటు కూడా ఉంది. పక్కవాడు నెత్తురోడుతూ పడిపోతుంటే కట్టుబాటు నిలుపుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. సంతోష్‌బాబు సేవను తూచేటప్పుడు ఈ నిగ్రహాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

ఆ రాత్రి ఏం జరిగింది

2020 మే నుంచి తూర్పు లద్దాఖ్‌లో ఉద్రిక్తత పెరిగింది. పాంగాంగ్‌ సరస్సు, గోగ్రా, గల్వాన్‌ ప్రాంతాల్లో రెండు సైన్యాలు ఎదురెదురుగా మోహరించాయి. జూన్‌ 6న కోర్‌ కమాండర్ల స్థాయిలో చర్చలు జరిగాయి. వెనక్కి జరగాలని అంగీకారం కుదిరింది. దాన్ని క్షేత్రస్థాయిలో అమలు చేయించే బాధ్యత అక్కడున్న బెటాలియన్లపై పడింది. గల్వాన్‌లో ఆ బాధ్యత 16వ బిహార్‌ది. గొడవకు కేంద్రమైన చోటు గస్తీ స్థానం 14.

ఆ రాత్రి గురించి పత్రికల్లో, టీవీల్లో ఎన్నో కథలు వచ్చాయి. కొన్నింటిలో సినిమా పాళ్లు ఎక్కువ. వాటికంటే పతకంతో పాటు ప్రభుత్వం ప్రకటించిన ప్రశంసాపత్రం నమ్మదగిన ఆధారం. దాని సారాంశం ఇది. ఆపరేషన్‌ స్నో లెపర్డ్‌లో భాగంగా శత్రువు ఎదుటే ఒక పరిశీలన శిబిరం నెలకొల్పే పని సంతోష్‌బాబుకు అప్పగించారు. ఆయన తన జవాన్లకు పరిస్థితి వివరించి, చక్కని ప్రణాళికతో ఆ పని పూర్తి చేశారు. ఆ స్థానాన్ని కాపాడుతుండగా ప్రత్యర్థులు పదునైన, ప్రాణాంతక ఆయుధాలతో దాడికి దిగారు. పక్కనున్న ఎత్తుల మీది నుంచి పెద్ద ఎత్తున రాళ్లు రువ్వారు. సంఖ్యలో వారు చాలా ఎక్కువ. అయినా సంతోష్‌బాబు చలించలేదు. మన దళాన్ని వెనక్కి నెట్టాలన్న వారి ప్రయత్నాన్ని అడ్డుకుంటూనే ఉన్నారు. తీవ్రంగా గాయపడిన తరువాత కూడా ముందువరుసలోనే ఉండి ఆజ్ఞలిస్తూ దళాన్ని నడిపారు. చేతులతో కలబడి పోరాడే స్థితి వచ్చినప్పుడు కడ ఊపిరి వరకూ ఎదిరించారు. ఆయనను చూసి జవాన్లు స్థానం వదలలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎనిమిది వందల మందికి అధిపతి అయిన కర్నల్‌ ఒక గస్తీ స్థానానికి స్వయంగా వెళ్లకుండా మేజర్‌నో కెప్టెన్‌నో పంపినా తప్పుపట్టేవారు ఉండరు. ఒప్పందం నిలబడుతుందా లేదా అన్నది తేలే చోటు కాబట్టి ఆయన తానే వెళ్లారు. మాట్లాడవలసి వస్తే మాట్లాడేందుకు, నిలబడవలసి వస్తే నిలబడేందుకు బాధ్యుడైన అధికారి అక్కడ ఉండాలన్నది పదాతిదళపు పాత పద్ధతి.

జూన్‌ 16 మధ్యాహ్నం సైన్యం చేసిన ప్రకటనలో ఒక అధికారి, ఇద్దరు జవాన్లు మరణించినట్లు మాత్రమే ఉంది. రాత్రికి ఆ సంఖ్య 20కి చేరింది. తీవ్రంగా గాయపడి, సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఆరుబయట చిక్కుకున్న మరో 17 మంది ప్రాణాలు కోల్పోయారని సైన్యం తెలిపింది. దెబ్బలతో పాటు చలి కూడా చంపిందన్నది ఆ ప్రకటనలోని విషాదం. నలుగురు అధికారులతో సహా పది మంది భారత సైనికులను చైనా జూన్‌ 18న అప్పగించింది. తన వైపు నష్టం గురించి చైనా ఎనిమిది నెలలు పెదవి విప్పలేదు. 2021 ఫిబ్రవరిలో నలుగురు మరణించినట్లు, ఒక రెజిమెంటు కమాండర్‌ తీవ్రంగా గాయపడినట్లు ఒప్పుకుంది. ఆ కమాండర్‌ చేతికే 2022 బీజింగ్‌ శీతాకాల ఒలింపిక్స్‌ జ్యోతి ఇవ్వడంతో ఆ క్రీడల ప్రారంభ, ముగింపు ఉత్సవాలకు భారత దౌత్యవేత్త హాజరు కాలేదు.

పక్కన నిలిచినవారు

గల్వాన్‌లో పోరాడినవారిలో మరో ఐదుగురికి వీర్‌ చక్ర పతకాలు దక్కాయి. వారిలో నలుగురికి మరణానంతరం. ఒడిశాకు చెందిన నాయబ్‌ సుబేదార్‌ నుదురామ్‌ సోరెన్‌ 16వ బిహార్‌ వారే. తమిళనాడుకు చెందిన హవల్దార్‌ కె.పళని ఫిరంగిదళం జవాను. పంజాబ్‌ రెజిమెంటుకు చెందిన సిపాయి గుర్‌తేజ్‌ సింగ్‌ వయసు అప్పటికి 23 ఏళ్లు. సజీవంగా ఆ పతకం అందుకున్న ఒక్కరు ఫిరంగిదళ హవల్దార్‌ తేజిందర్‌ సింగ్‌.

వీరిలో నాయక్‌ దీపక్‌ సింగ్‌ సంగతి విడిగా చెప్పుకోవాలి. ఆయన 16వ బిహార్‌లో నర్సింగ్‌ అసిస్టెంటు. కొట్లాట జరుగుతుండగానే గాయపడినవారి వద్దకు వెళ్లి కట్లు కట్టారు. తనకు దెబ్బలు తగిలినా వైద్యం ఆపలేదు. ముప్పై మందికి పైగా సైనికులకు చికిత్స చేసి, చివరికి తన గాయాలతో మరణించారు. నాటి మృతుల సంఖ్య మరింత పెరగకపోవడానికి ఆయన చేతుల చలవ కూడా ఒక కారణం. కమాండర్‌ పేరు ఊరూరా తెలిసింది. ఈ నర్సింగ్‌ అసిస్టెంటు పేరు కూడా తెలియవలసి ఉంది.

మహావీర్‌ చక్ర ఎందుకు?

మన దేశంలో శౌర్య పతకాలు రెండు వరుసలు. శత్రువు ఎదుట చూపిన సాహసానికి పరమవీర్‌, మహావీర్‌, వీర్‌ చక్రలు ఇస్తారు. ఉగ్రవాదులతో పోరు వంటి మిగిలిన సందర్భాల్లో అశోక, కీర్తి, శౌర్య చక్రలు ఇస్తారు. మహావీర్‌ చక్రను 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. వెండితో చేసిన గుండ్రని పతకం. పట్టీలో సగం తెలుపు, సగం నారింజ రంగు. నియమం ప్రకారం యుద్ధ ప్రకటన అవసరం లేదు. ఎదుట శత్రువు ఉండాలి. గల్వాన్‌లో కలబడినది మరో దేశపు సైన్యంతో. అందువల్ల ప్రభుత్వం రెండో వరుసను కాక మొదటి వరుసనే ఎంచుకుంది. 1999 కార్గిల్‌ యుద్ధం తరువాత మహావీర్‌ చక్ర ప్రకటించడం అదే మొదటిసారి.

కార్గిల్‌లో ఆ పతకం పొందిన వారిలోనూ హైదరాబాద్‌ యువకుడు ఒకరున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన మేజర్‌ పద్మపాణి ఆచార్య రాజపుతానా రైఫిల్స్‌ రెండో బెటాలియన్‌లో కంపెనీ కమాండర్‌. 1999 జూన్‌ 28న తోలోలింగ్‌ ప్రాంతంలో శత్రు స్థావరాన్ని పట్టుకునే దాడిలో గుండ్లు తగిలినా తన దళాన్ని ముందుకు నడిపి మరణించారు. ఇరవై ఒక్క సంవత్సరాల తేడాతో ఇద్దరూ పదాతిదళ అధికారులే. ఒకరిది ఫిరంగుల మోత మధ్య దాడి, మరొకరిది రాళ్ల వాన మధ్య స్థానరక్షణ.

2021 గణతంత్ర దినోత్సవం సందర్భంగా సంతోష్‌బాబు పతకం ప్రకటించినప్పుడు ఆయన తండ్రి తన మనసులోని మాట దాచుకోలేదు. అసంతృప్తి లేదని, అయితే పూర్తి తృప్తి కూడా లేదని, పరమవీర్‌ చక్ర ఇచ్చి ఉండవలసిందని అభిప్రాయపడ్డారు. తన కుమారుడు, అతని జవాన్లు ఉత్త చేతులతో పోరాడిన సంగతి గుర్తుచేశారు. తండ్రి మాటలో న్యాయం ఉంది. తుపాకీ ఉన్నవాడు తుపాకీ ఉన్నవాడితో పోరాడే యుద్ధాలను దృష్టిలో ఉంచుకొని ఏర్పడిన కొలమానాలకు ఇటువంటి పోరు ఇమడదు. అదే సమయంలో ఆ రాత్రిని దేశం మరో దేశపు సైన్యంతో జరిగిన పోరుగా అధికారికంగా గుర్తించిందన్న విషయాన్ని కూడా తక్కువ చేయలేం. 2021 నవంబరు 23న రాష్ట్రపతి భవన్‌లో రామ్‌నాథ్‌ కోవింద్‌ చేతుల మీదుగా సంతోష్‌బాబు తల్లి మంజుల, భార్య సంతోషి ఆ పతకం స్వీకరించారు.

ఇంటికి చేరిన రోజు

హైదరాబాద్‌కు బదిలీ అయి సొంత రాష్ట్రానికి వస్తారని కుటుంబం ఎదురుచూస్తున్న సమయంలో కరోనా లాక్‌డౌన్‌ వచ్చి ఆ రాక ఆగింది. చివరకు జూన్‌ 17న భౌతికకాయం హకీంపేట వైమానిక స్థావరానికి చేరింది. గవర్నర్‌ తమిళిసై సౌందరరాజన్‌, మంత్రి కేటీఆర్‌ అక్కడ నివాళులర్పించారు. మరునాడు సూర్యాపేట శివారులో కుటుంబానికి చెందిన వ్యవసాయ భూమిలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. కరోనా ఆంక్షల కారణంగా దహన స్థలానికి కొద్దిమందినే అనుమతించారు. దారి పొడవునా మాత్రం జనం నిలబడి పూలు చల్లారు.

జూన్‌ 22న ముఖ్యమంత్రి కేసీఆర్‌ సూర్యాపేట వెళ్లి కుటుంబాన్ని పరామర్శించారు. భార్యకు 4 కోట్లు, తల్లిదండ్రులకు కోటి రూపాయల చెక్కులు అందజేశారు. హైదరాబాద్‌ బంజారాహిల్స్‌లో 711 చదరపు గజాల ఇంటి స్థలం, సంతోషికి గ్రూప్‌-1 స్థాయి ఉద్యోగం ఇచ్చారు. ఆమె డిప్యూటీ కలెక్టర్‌గా నియమితులయ్యారు. గల్వాన్‌లో మరణించిన మిగతా 19 మంది కుటుంబాలకు కూడా తెలంగాణ ప్రభుత్వం తరఫున పది లక్షల రూపాయల చొప్పున సాయం ప్రకటించారు. వారు పరాయి రాష్ట్రాలవారు. ఆ నిర్ణయం అప్పట్లో అన్ని పక్షాల మన్ననలు పొందింది.

సైనిక్‌ పాఠశాలలో చేరాలంటే..

సంతోష్‌బాబు నడిచిన దారి మూసుకుపోలేదు. నడిగడ్డ పల్లెల తల్లిదండ్రులు కొందరికి ఈ వివరాలు ఉపయోగపడవచ్చు. సైనిక్‌ పాఠశాలల్లో ఆరు, తొమ్మిది తరగతుల్లో ప్రవేశాలకు జాతీయ పరీక్షల సంస్థ అఖిల భారత స్థాయిలో ప్రవేశ పరీక్ష నిర్వహిస్తుంది. ఆరో తరగతికి వయసు 10 నుంచి 12 ఏళ్లు, తొమ్మిదో తరగతికి 13 నుంచి 15 ఏళ్లు ఉండాలి. 2021-22 విద్యా సంవత్సరం నుంచి బాలికలకు కూడా ఆ తలుపులు తెరుచుకున్నాయి. జాతీయ రక్షణ అకాడమీకి యూపీఎస్సీ ఏటా రెండుసార్లు రాత పరీక్ష జరుపుతుంది. ఇంటర్‌ చదువుతున్నవారు, పూర్తి చేసినవారు, పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల లోపు వారు అర్హులు. రాత పరీక్ష గట్టెక్కినవారికి ఐదు రోజులపాటు జరిగే ఎస్‌ఎస్‌బీ ఎంపిక ఉంటుంది. చాలామంది వెనుదిరిగేది అక్కడే. మార్కులకంటే నలుగురితో కలిసి పనిచేసే తీరు, ఒత్తిడిలో నిర్ణయం తీసుకునే నేర్పు అక్కడ పరీక్షిస్తారు.

ఇక గల్వాన్‌లో 2020 జూలైలోనే రెండు సైన్యాలు వెనక్కి జరిగి, మధ్యలో ఎవరూ గస్తీ తిరగని ప్రాంతాన్ని వదిలాయి. పాంగాంగ్‌లో 2021 ఫిబ్రవరిలో, గోగ్రాలో అదే ఏడాది ఆగస్టులో, హాట్‌స్ప్రింగ్స్‌లో 2022 సెప్టెంబరులో ఉపసంహరణ జరిగింది. మిగిలిన దెప్సాంగ్‌, దెమ్‌చోక్‌లపై 2024 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. గల్వాన్‌ మృతుల పేర్లతో దౌలత్‌ బేగ్‌ ఓల్డీ రహదారిపై ఒక స్మారకం వెలిసింది. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంపైనా ఆ 20 పేర్లు చెక్కారు.

సూర్యాపేటలో ఘటన జరిగిన సరిగ్గా ఏడాదికి, 2021 జూన్‌ 15న, కోర్టు చౌరస్తాలో సంతోష్‌బాబు కాంస్య విగ్రహాన్ని మంత్రి కేటీఆర్‌ ఆవిష్కరించారు. ఆ కూడలికి సంతోష్‌బాబు చౌరస్తా అని పేరు పెట్టారు. హైదరాబాద్‌-విజయవాడ రహదారిలో వెళ్లేవారు పట్టణంలోకి మలుపు తిరిగితే సైనిక దుస్తుల్లో నిలిచిన ఆ విగ్రహాన్ని చూడవచ్చు.